లైనక్స్‌లో డెస్క్‌టాపా, విండో మేనేజరా? రోజువారీ పనికి ఏది మేలు

పోయిన ఎపిసోడ్ కింద చాలామంది ఒకటే అడిగారు: "4 జీబీ ర్యామ్ ఉన్న పాత లాప్‌టాప్‌లో లైనక్స్ వేశాం, గ్నోమ్ బరువుగా ఉంది, ఐ3 వేసుకోమంటారా?" అని. ఇవాళ దాని గురించి మాట్లాడుకుందాం. ముందుగా నేను చేసిన పొరపాటు చెప్తాను.

మా నాన్నగారు రిటైర్డ్ టీచర్. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో సపోర్ట్ ఆగిపోయింది కదా, ఆయన పాత లాప్‌టాప్‌లో నేను లైనక్స్ పెట్టాను. నేను రోజూ వాడేది ఐ3. తేలిక, వేగం. అదే ఆయనకీ పెట్టేశా. తెలుగు టైపింగ్ సెట్ చేసి, నాలుగు షార్ట్‌కట్‌లు కాగితం మీద రాసి గోడకు అంటించా. చాలా గొప్ప పని చేశాననుకున్నా.

వారం తర్వాత ఫోన్ వచ్చింది. పాత స్కూలు వాళ్ళు వేసే సావనీర్ కోసం ఆయన రెండు గంటలు కూర్చుని ఒక వ్యాసం టైప్ చేశారట. మామూలు టెక్స్ట్ ఎడిటర్‌లో, సేవ్ చేయకుండా. ఛార్జర్ పెట్టడం మర్చిపోయారు. లాప్‌టాప్ ఆగిపోయింది. వ్యాసం మొత్తం పోయింది.

"బ్యాటరీ అయిపోతోందని అది చెప్పలేదేంరా?" అన్నారు.

చెప్పింది. కింద బార్‌లో చిన్న అంకె ఎర్రగా మారింది, అంతే. ఆ మూల ఎవరు చూస్తారు? తెర మధ్యలో హెచ్చరిక రావాలంటే దానికో ప్రోగ్రామ్ విడిగా పెట్టాలి. నేను పెట్టలేదు. నా లాప్‌టాప్ ఎప్పుడూ ఛార్జింగ్‌లోనే ఉంటుంది కాబట్టి నాకా అవసరం రాలేదు.

అసలు తేడా ఇక్కడే ఉంది. విండో మేనేజర్ పని ఒక్కటే: కిటికీలను ఎక్కడ, ఎంత సైజులో పెట్టాలో చూడటం. ప్రతి డెస్క్‌టాప్ లోపలా ఒకటి ఉంటుంది. గ్నోమ్‌లో మటర్, కేడీఈలో క్విన్, ఎక్స్‌ఎఫ్‌సీఈలో ఎక్స్‌ఎఫ్‌డబ్ల్యూఎం. డెస్క్‌టాప్ ఎన్విరాన్‌మెంట్ అంటే దాంతోపాటు వైఫై గుర్తు, సౌండ్ బటన్, బ్యాటరీ హెచ్చరిక, తెర లాక్, పెన్‌డ్రైవ్ పెట్టగానే తెరుచుకోవడం, సెట్టింగ్స్, అన్నీ కలిపి ఇచ్చే సెట్ అన్నమాట. ఐ3, ఓపెన్‌బాక్స్ లాంటివి ఒక్కటే వేసుకుంటే మిగతావన్నీ మీరే ఒక్కొక్కటిగా కూర్చుకోవాలి.

తెలుగు టైపింగే చూడండి. గ్నోమ్‌లో ఐబస్ కలిసే వస్తుంది. ఎం17ఎన్ ప్యాకేజీ వేసి, సెట్టింగ్స్‌లో కీబోర్డ్‌కి వెళ్ళి ఇన్‌స్క్రిప్టో, ఆర్‌టీఎస్సో ఎంచుకుంటే సరిపోతుంది. ఐ3లో అయితే ఐబస్ మొదలయ్యేలా కాన్ఫిగ్ ఫైల్లో లైను రాయాలి, ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ పెట్టాలి. చేస్తే బాగానే పనిచేస్తుంది. కానీ చేయాలి.

మరి ర్యామ్ సంగతి? డిస్ట్రోని బట్టి మారుతుంది గానీ, లాగిన్ అయిన వెంటనే చూస్తే గ్నోమ్ సుమారు 1 జీబీ పైన, ఎక్స్‌ఎఫ్‌సీఈ అందులో సగం నుంచి మూడొంతుల దాకా, ఐ3 ఇంకా తక్కువ తీసుకుంటాయి. అంటే ఎక్స్‌ఎఫ్‌సీఈ నుంచి ఐ3కి మారితే మిగిలేది కొన్ని వందల ఎంబీలు. బ్రౌజర్‌లో ఓ యూట్యూబ్, ఓ మెయిల్, ఓ న్యూస్ పేజీ తెరవండి, ఆ మిగిలింది కాస్తా హుష్ కాకి! 4 జీబీ మెషీన్‌లో అసలు బరువు బ్రౌజర్‌దే. ఇంకా పాత హార్డ్ డిస్క్ ఉంటే, ముందు దాని బదులు ఎస్‌ఎస్‌డీ వేయించండి. డెస్క్‌టాప్ మార్చడం కంటే దానివల్ల వచ్చే తేడా ఎక్కువ.

కాబట్టి నా సలహా ఇది. 8 జీబీ, అంతకుమించి ఉంటే గ్నోమో, కేడీఈనో, మీకు నచ్చింది వాడండి. విండోస్ అలవాటున్నవాళ్ళకు కేడీఈ, సినమన్ తొందరగా చేతికొస్తాయి. 4 జీబీ అయితే ఎక్స్‌ఎఫ్‌సీఈ, మేట్, ఎల్‌ఎక్స్‌క్యూటీ. 2 జీబీయో అంతకంటే తక్కువో ఉంటే ఐస్‌డబ్ల్యూఎం చూడండి, అందులో టాస్క్‌బార్, మెనూ ఉంటాయి. ఇక ఐ3, స్వే ఎవరికి? రోజంతా టెర్మినల్, ఎడిటర్‌లతో పనిచేస్తూ, మౌస్ మీదికి చెయ్యి పోకూడదు అనుకునేవాళ్ళకి. ర్యామ్ మిగుల్తుందని కాదు, కీబోర్డ్ పని ఇష్టమై తీసుకోండి. అప్పుడే నిలబడతారు. ఒక్క మాట, ఐ3 ఎక్స్11 మీదే నడుస్తుంది. వేలాండ్ కావాలంటే దాదాపు అదే కాన్ఫిగ్‌తో నడిచే స్వే ఉంది.

ఇంకో మాట: రెంటిలో ఒకటే ఉంచాలని రూలేం లేదు. రెండూ వేసుకుని, లాగిన్ తెర దగ్గర ఏ సెషన్ కావాలో ఎంచుకోవచ్చు.

నాన్నగారి లాప్‌టాప్‌లో ఇప్పుడు ఎక్స్‌ఎఫ్‌సీఈ ఉంది. బ్యాటరీ తగ్గితే తెర మీద పెద్దగా చెప్తుంది. గోడ మీది కాగితం ఆయనే చింపేశారు. వ్యాసం మళ్ళీ మొదటి నుంచి రాశారు. "మొదటిదే బాగుందిరా" అంటారు ఇప్పటికీ. దానికి నా దగ్గర జవాబు లేదు.

అందుకే, వేరేవాళ్ళ కంప్యూటర్‌లో ఏదన్నా పెట్టేముందు ఓ గంట వాళ్ళ పక్కన కూర్చుని, వాళ్ళు ఏం చేస్తారో చూడండి. నేను చూడలేదు.

మీరేం వాడుతున్నారో కింద రాయండి. మళ్ళీ కలుద్దాం. ఉంటాను.