ముఖం తీసే లెన్సు - చేతులు కూడా తీయాలంటే

(పెన్షనర్ల దినోత్సవ సందర్భంగా సిద్దిపేటలో డిసెంబరు 17న జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠము)



కరువు భత్యం బకాయిల గురించి, వైద్య సదుపాయం గురించి పెద్దలు ఇప్పటికే మాట్లాడారు. ఆ విషయాలలో నాకు ప్రవేశం తక్కువ. సర్వీసులో ఉన్నప్పుడు కూడా నేను నోటు పెట్టడమే గాని ఆర్డరు వేసినవాడిని కాను. సభ్యుల డైరెక్టరీ కొరకు డెబ్బై అయిదేళ్లు దాటిన వారి ఫోటోలు తీసే పని సంఘం నాకు అప్పగించినది. అప్పటి నుండి నలుగురైదుగురు మిత్రులు "మా అబ్బాయి కెమెరా ఇచ్చిండు సార్, ముఖాలు తీయటానికి ఏ లెన్సు కొనాలె?" అని అడుగుచున్నారు. ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పే బదులు సర్క్యులరు లాగా అందరికీ ఒకేసారి చెప్పవలసినదని కార్యదర్శి గారు ఆదేశించినందున మీ ముందు నిలబడ్డాను.

నేను ఫోటోగ్రాఫరును కాను. 1971లో గుమాస్తాగా చేరి 2007లో సీనియర్ అసిస్టెంటుగా విరమణ పొందినవాడిని. ఉద్యోగం వచ్చిన కొత్తలో ఆగ్ఫా క్లిక్ త్రీ కెమెరా కొన్నాను. రీలుకు పన్నెండు ఫోటోలు. దూరంగా ఉన్న మనిషి బాగానే వచ్చేవాడు, దగ్గరికి పోతే ముఖం మసకబారేది. నిండుగా ముఖం కావాలంటే స్టూడియోకే పోవాలి. అందుకే మన ఇండ్లలో ఎవరైనా కాలం చేస్తే పెండ్లి గ్రూపు ఫోటో వెతికి, మూడో వరుసలో ఉన్న తలను కత్తిరించి, పెద్దది చేయించి దండ వేసేవాళ్లం. మా నాయన పటం అట్లా చేసిందే. ఆయన భుజం మీద పక్కనున్న వారి వేళ్లు ఇప్పటికీ కనిపిస్తాయి.

ఇప్పుడు అందరి చేతుల్లో ఫోన్లున్నాయి. లైఫ్ సర్టిఫికెట్టుకు కూడా ఫోనుకే ముఖం చూపిస్తున్నాము. కాని చేయి చాపి తీసుకున్న ఫోటోలో ముక్కు ఉబ్బి, చెవులు వెనక్కి పోయి, మనల్ని మనమే గుర్తుపట్టము. దీనికి కారణం చిన్న లెక్క. ఫోను ముక్కుకు ముప్పై సెంటీమీటర్ల దూరంలో ఉంటే చెవి నలభై రెండు సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. కనుక చెవి కంటే ముక్కు నలభై శాతం పెద్దగా పడుతుంది. అదే మనిషి అయిదడుగుల దూరం నుండి తీస్తే ఆ తేడా ఎనిమిది శాతమే. ఇది లెన్సు తప్పు కాదు, దూరం తప్పు. ముఖాన్ని నాలుగైదు అడుగుల అవతల నుండే తీయాలి. అంత దూరం నుండి ముఖం నిండుగా రావాలంటే కొంచెం పొడుగు లెన్సు కావాలి. 85 మిల్లీమీటర్ల లెన్సుకు పోర్ట్రెయిట్ లెన్సు అని పేరు వచ్చింది అందుకే.

ఈ రకం లెన్సు చరిత్ర పాతది. 1840లో వియన్నాలో జోసెఫ్ పెట్జ్వాల్ అనే లెక్కల పండితుడు మొదటిసారి ముఖాల కొరకు ఎక్కువ వెలుతురు పట్టే లెన్సు లెక్క కట్టాడు. అంతకు ముందు ఫోటో దిగేవారు నిమిషాల తరబడి కదలకుండా కూర్చోవలసి వచ్చేది. ఇంకొక సంగతి మన వర్గానికి సంతోషం కలిగించేది. ఆరవ నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫరు రాజా దీన్ దయాళ్ మొదట ఇండోరులో పబ్లిక్ వర్క్స్ శాఖ డ్రాఫ్ట్స్‌మన్. ఆ ఉద్యోగం వదిలిన తరువాతే పూర్తిగా కెమెరా పట్టాడు. 1892లో హైదరాబాదులో పరదా స్త్రీల కొరకు వేరుగా జనానా స్టూడియో కూడా పెట్టాడు.

ఇక అసలు విషయానికి వస్తాను. పోర్ట్రెయిట్ లెన్సులో ఒక మెలిక ఉంది. అది నాకు తెలిసిన తీరు చెప్పక తప్పదు.

2019లో కోఠిలో సెకండ్ హ్యాండు కేనన్ 85 లెన్సు, ఎఫ్ 1.8 ది, కొన్నాను. ఉగాదినాడు దానితో అయిదడుగుల దూరం నుండి నా భార్య ముఖం తీశాను. చాలా బాగా వచ్చింది. కొన్నాళ్లకు ఒక ఉదయం ఆమె కిటికీ దగ్గర కూర్చుని చాటలో బియ్యం ఏరుతున్నది. ఎడమ ముంజేతి మీద పచ్చబొట్టు, ఒక తేలు, దాని చుట్టూ చుక్కలు. పదేండ్ల వయసులో వాళ్ల అమ్మమ్మ పొడిపించినది. సగం చెదిరి ఆకుపచ్చ నీడలాగ మిగిలింది. ఆ చేయి తీద్దామని స్టూలు లాక్కుని దగ్గరగా వంగాను. లెన్సు ముందుకు వెనుకకు తిరుగుతుంది గాని నిలవదు. మీట నొక్కితే పడదు. బ్యాటరీ మార్చాను, అద్దం తుడిచాను. "తీస్తే జల్ది తీయుండ్రి, కుక్కర్ పెట్టేదున్నది" అని ఆమె నవ్వుతున్నది. లెన్సు ఖరాబైందని తీర్మానించుకుని లేచాను.

తరువాతి వారం బస్సులో హైదరాబాదు పోయి ఒక మెకానిక్కుకు ఇచ్చాను. పని ఎక్కువగా ఉంది, మూడు వారాలకు రండి అన్నాడు. ఆ మూడో వారంలోనే నా భార్యకు పక్షవాతం వచ్చింది. తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉన్నది. తిరిగి ఇంటికి రాలేదు.

కర్మకాండ ముగిసినాక లెన్సు తెచ్చుకోవటానికి పోయాను. మెకానిక్కు డబ్బులు తీసుకోలేదు. లెన్సు మీద ఉన్న అంకె చూపించాడు. 0.85 మీటరు. "దీనికేం కాలేదు సార్. మీరు బాగా దగ్గర కూర్చున్నట్టున్నరు" అన్నాడు. అంటే రెండడుగుల తొమ్మిదిన్నర అంగుళాల కంటే దగ్గరి వస్తువును ఆ లెన్సు పట్టదు. స్టూలు ఒక జానెడు వెనక్కి జరిపి ఉంటే సరిపోయేది. నా కెమెరాలో పదిహేడు సెంటీమీటర్ల వెడల్పు మేర చేయి నిండుగా వచ్చేది. ముప్పై ఆరేండ్లు "ఫారం వెనక రాసిన నిబంధనలు చదివి రండి" అని జనాన్ని తిప్పి పంపినవాడిని, లెన్సు మీద రాసిన ఒక్క అంకె చదవలేదు.

కనుక లెన్సు కొనేటప్పుడు అందరూ ఎఫ్ 1.8, ఎఫ్ 1.4 అనే వెలుతురు అంకె చూస్తారు, మీరు దానితో పాటు కనీస ఫోకస్ దూరం కూడా చూడండి. ఆ దూరాన్ని లెన్సు ముందు భాగం నుండి కాదు, లోపల ఫిల్ము లేక సెన్సారు ఉండే చోటు నుండి కొలుస్తారు. కెమెరా నెత్తిన సున్నాను అడ్డంగా కోసిన గీత ఒకటి ఉంటుంది. అదే గుర్తు.

ఇప్పటికే 85 లెన్సు ఉన్నవారికి రెండు చవక మార్గాలున్నాయి. ఒకటి, ముందు బిగించే క్లోజప్ అద్దం. ప్లస్ 2 అద్దం పెడితే, లెన్సును అనంత దూరానికి తిప్పి ఉంచినా, అద్దానికి అర మీటరు దూరంలోని వస్తువు స్పష్టపడుతుంది. అంచులు కొంచెం మెత్తగా వస్తాయి. రెండవది, లెన్సుకు కెమెరాకు నడుమ పెట్టే ఖాళీ గొట్టం, ఎక్స్‌టెన్షన్ ట్యూబు. లోపల అద్దం ఉండదు కనుక నాణ్యత తగ్గదు. కాని పన్నెండు మిల్లీమీటర్ల గొట్టం పెట్టినంతసేపు సుమారు అర మీటరు నుండి ముప్పావు మీటరు వరకే పని చేస్తుంది. ముఖం తీయాలంటే మళ్లీ ఊడదీయాలి. వణికే చేతులతో ఊడదీసి బిగించే లోపల ఎదుట కూర్చున్నవారు చాయ్ కి లేచిపోతారు. నాకు అది కుదరలేదు.

కొత్తగా కొనేవారిలో చాలామంది దగ్గర ఉన్నది చిన్న సెన్సారు కెమెరా. వారు ముందుగా 50 ఎఫ్ 1.8 చూడండి. ఆ కెమెరా మీద అది 80 లెన్సులాగే పని చేస్తుంది, ధర తక్కువ. కేనన్ వారి ఎస్.టి.ఎం. రకం 35 సెంటీమీటర్ల దాకా దగ్గరికి రానిస్తుంది. పేరున్న 85 కంటే ఈ చవక లెన్సే చేతులను పెద్దగా పట్టిస్తుంది. నేను మొదలే దీన్ని కొని ఉండవలసినది.

నేను చివరకు పెట్టుకున్నది 60 మిల్లీమీటర్ల మాక్రో లెన్సు, ఎఫ్ 2.8, అదీ సెకండ్ హ్యాండే. 20 సెంటీమీటర్ల దాకా పోతుంది, వస్తువును అసలు సైజులోనే సెన్సారు మీద వేస్తుంది. 90, 100 మాక్రోలు మంచివే కాని అవి పెద్ద సెన్సారు కెమెరాలకు. చిన్న సెన్సారు మీద 90 పెట్టి తల, భుజాలు తీయాలంటే ఎనిమిదడుగులు వెనక్కి పోవాలి. మన పాత ఇండ్ల అర్ర పొడవే పదడుగులు. కుర్చీ పోగా నేను గోడలో నిలబడాలి. 60 అయితే అయిదున్నర అడుగులు చాలు. పిల్లలు అమెరికా నుండి కొత్త రకం కేనన్ కెమెరా తెస్తామంటే, 2020లో వచ్చిన 85 ఎఫ్ 2 మాక్రో తెమ్మనండి. అది 35 సెంటీమీటర్లకు వస్తుంది, అసలు సైజులో సగం పట్టిస్తుంది. ముఖం, చేతులు రెండూ దానితోనే అవుతాయి.

ఎఫ్ 1.4 కొరకు పెన్షను డబ్బులు పెట్టవద్దని నా అభిప్రాయం. 85 లెన్సును ఎఫ్ 1.8 మీద పెట్టి ఆఖరి దగ్గర దూరంలో తీస్తే స్పష్టంగా ఉండే మందం ఏడెనిమిది మిల్లీమీటర్లకు మించదు. తల కొంచెం తిప్పితే ఒక కన్ను స్పష్టం, రెండోది పొగ. చేతులకు ఎఫ్ 8 పెట్టి, కిటికీ పక్కన కూర్చోబెట్టి తీయండి.

షాపుకు పోయేటప్పుడు టేపు, ఇంట్లో ఉంటే గొల్లభామ చీర వెంట తీసుకుపొండి. బొమ్మ నెత్తి మీది కుండలో పోగులు లెక్కపెట్టేటట్టు వస్తున్నాయా చూసి, ఎంత దూరం నుండి వచ్చిందో టేపుతో కొలవండి. షాపువాడు నవ్వుతాడు. నవ్వనివ్వండి.

మాక్రో లెన్సుకు ఒక ఇబ్బంది ఉన్నది. ఏదీ దాచదు. డైరెక్టరీ ఫోటో చూసి ఒక మిత్రుడు "ముడతలు తీసేయరాదా" అన్నారు. వెలుతురు ఎదురుగా మెత్తగా పడేటట్టు కూర్చోబెడితే ముడతలు కొంత అణుగుతాయి, అంతవరకు చేస్తాను. పుట్టుమచ్చలు మాత్రం చెరపను. మన సర్వీసు రిజిస్టరు మొదటి పేజీలో గుర్తింపు చిహ్నాలని రాయించుకున్నవి అవే కదా. దగ్గరికి వస్తుంది కదా అని ముఖం మీదికి లెన్సు తీసుకుపోకూడదు. నీడ పడుతుంది, మనిషి బెదురుతాడు, ముక్కు మళ్లీ పెద్దదవుతుంది. ముఖం అయిదడుగుల నుండి, చేతులు దగ్గర నుండి.

వచ్చే ఆదివారం ఉదయం ఎనిమిది గంటల నుండి సంఘ భవనం వరండాలో కుర్చీ వేసుకుని ఉంటాను. ఎండ ముదిరితే పని జరగదు కనుక పది లోపల రండి. కళ్లద్దాలు రోజూ పెట్టుకునేవారు పెట్టుకునే రండి. రాలేనివారు కబురు పంపితే నేనే ఇంటికి వస్తాను. డైరెక్టరీలో వేసేది సభ్యుల ఫోటోయే అయినా ఇంటావిడలను కూడా తీసుకురండి. పచ్చబొట్లు ఉన్నవారు మోచేతి దాకా చేయి కనిపించే జాకెట్టు వేసుకుని రావలసినదిగా మనవి. ప్రింట్లు ఇద్దరికీ వేరు వేరుగా ఇస్తాను.