చిన్న వ్యాపారములకు లెక్కల నిపుణుడు ఎందుకు?

(భద్రాచలము ప్రాంతపు పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



భద్రాచలమున నిలబడి లెక్కలను గూర్చి మాటలాడుటకు మేము సంకోచింప నక్కరలేదు. ఈ క్షేత్రపు కథలోనే ఒక లెక్క ఉన్నది. పాల్వంచ పరగణా తహసీలుదారు కంచెర్ల గోపన్న సర్కారునకు జమ కావలసిన సొమ్మును ఆలయమునకు వెచ్చించి గోలకొండ చెరసాల పాలయ్యెనని మీకందరకు తెలియును. ఏ నగకు ఎంత పట్టినదో ఆయన చెరలో నుండి కీర్తనగా ఏకరువు పెట్టవలసి వచ్చినది. కడకు రామలక్ష్మణులే వచ్చి తానీషాకు బాకీ తీర్చిరని, తీర్చి ఊరక పోక రసీదు పుచ్చుకొనిరని జనులు చెప్పుకొందురు. దేవుడంతటివాడు రసీదు అడిగినపుడు మన మహిళా సంఘము అడుగుటకు మొగమాటమెందుకు?

ఖమ్మం మైదానము దాటి, కొత్తగూడెం మీదుగా ఈ అడవి అంచునకు వచ్చువారికి నేడు కొన్ని కొత్త వస్తువులు కనిపించుచున్నవి. చిరుధాన్యముల బిస్కత్తులు, ఇప్పపువ్వు లడ్డూలు, సబ్బులు, సీసాలలో పోసిన తేనె. వీనిలో పెక్కు ఆదివాసీ స్త్రీల సంఘములు చేయునవి. 'భద్రాద్రి మిల్లెట్ మ్యాజిక్' అను పేర బిస్కత్తులు చేయు ఇచ్చటి స్త్రీలను గూర్చి ప్రధానమంత్రి 2025 జూన్‌లో ఆకాశవాణి ప్రసంగమున ప్రస్తావించిరి. వారు మునుపు పొలములలో కూలికి పోయినవారు. ఈ మార్పు సంతోషకరమైనదే. అయినను ఒక మాట ఆలోచింపుడు. కూలికి పోయిననాడు నష్టము వచ్చిన అది యజమానిది. తానే యజమాని యైననాడు నష్టము తనది. ఆ నష్టము చప్పుడు చేయక వచ్చును.

లెక్క చేతిలో లేనివాని గతి ఏమగునో ఈ అడవికి కొత్తగా చెప్పవలసినది కాదు. 1940 ప్రాంతమున గోదావరి కొండలలో కొండరెడ్ల నడుమ నివసించిన హైమెన్‌డార్ఫ్ అను పండితుడు, కలప వర్తకుల క్రింద పనిచేయు కొండరెడ్లు తీరని అప్పులలో ఎట్లు చిక్కుకొనిరో 1945లో ప్రచురించిన తన గ్రంథమున వ్రాసెను. మధ్య దళారుల నుండి గిరిజనులను తప్పించుటకే 1956లో గిరిజన సహకార సంస్థ ఏర్పడినది. తునికాకు కల్లమున మీరు చూచుచునే యున్నారు: కోసినది వేయి కట్టలైనను, కల్లేదారు కార్డుపై ఎనిమిది వందలు వ్రాసినచో, ముట్టునది ఎనిమిది వందలకే. అందుచే కార్డు విషయమున మనవారు ఎంతో జాగరూకులై యుందురు. అదే మనిషి తన స్వంత వ్యాపారమునకు వచ్చునప్పటికి లెక్కను పెట్టెలోని నోట్లకు విడిచిపెట్టుచున్నాడు.

మేము పలు సంఘముల పుస్తకములు చూచితిమి. ఒక సబ్బుల సంఘమును ఉదాహరణగా ఊహించుకొందము. అంకెలు సులభముగా నుండుటకు మేము వేసికొన్నవి. తీరు మాత్రము మేము తరచు చూచునదే. నెలకు వేయి సబ్బులు, ఒక్కొక్కటి 30 రూపాయలు, వెరసి 30,000 రూపాయలు. నూనె, క్షారము, అట్టపెట్టెలు మొదలగువాని ఖర్చు 18,000. పెట్టెలో 12,000 మిగిలినది. పదిమంది సభ్యురాండ్రు తలకు 1,200 పంచుకొని సంతోషించిరి.

ఇప్పుడు లెక్కల నిపుణుడు వచ్చి కూర్చుండెననుకొనుడు. ఆయన మొదట అడుగునది సంతలకు సరకు ఎట్లు పోయినదని. ఆటో కిరాయి 1,500 ఒక సభ్యురాలు తన కొంగుముడి నుండి ఇచ్చినది, పుస్తకమునకు ఎక్కలేదు. కరెంటు ఖర్చు 500 అధ్యక్షురాలి ఇంటి బిల్లులో కలిసిపోయినది. యంత్రము 1,20,000 పెట్టి కొన్నది, అయిదేండ్లు పనిచేయును. అనగా నెలకు 2,000 చొప్పున అది అరిగిపోవుచున్నది. ఈ సొమ్ము ప్రక్కకు తీయనిచో ఆరవ ఏట కొత్త యంత్రమునకు మరల అప్పే గతి. ఇవి తీసివేయగా మిగిలినది 8,000. పదిమంది నెలకు ఆరేసి దినములు పనిచేసిరి, మొత్తము 60 పనిదినములు. దినమునకు 133 రూపాయలు! 2025-26 సంవత్సరమున తెలంగాణలో ఉపాధి హామీ కూలి దినమునకు 307 రూపాయలు. తమకు తామే సగము కూలి కూడ ఇచ్చుకొనక పనిచేయుచు, దానిని లాభమని పంచుకొన్నారన్నమాట.

వ్యాపారము మానుమని ఆ నిపుణుడు చెప్పడు. సబ్బు 40 రూపాయలకు అమ్మినచో ఇవే ఖర్చులకు 18,000 మిగులును, దినమునకు 300 పడును. సంతలో 40 పలుకదందురా, ఏ ఖర్చు తగ్గింపవలెనో వెదకవలెను. మూడు సంతలకు మూడు ఆటోలా, ఒక్క ఆటోయా? ఈ ప్రశ్నలు పుట్టించుటయే ఆయన పని. లాభనష్టముల పట్టీ, ఆస్తి అప్పుల పట్టీ సిద్ధముగా నున్నచో బ్యాంకులో పెద్ద అప్పు అడుగునపుడు మాట చెల్లును. ఈ విషయము మీకు తెలిసినదే గనుక విస్తరింపము.

మన ప్రాంతమునకు మాత్రమే చెందిన చిక్కు ఇంకొకటి కలదు. 2014లో రాష్ట్ర విభజన వేళ చుట్టుపట్ల మండలములు ఆంధ్రప్రదేశ్‌లో కలిసినవి. భద్రాచలము పట్టణము తెలంగాణలో నిలిచినది. ఎటపాక ఊరి చివరనే యున్నను వేరు రాష్ట్రము. పెండ్లిండ్లు, సంతలు ఈ గీతను ఎరుగవు గాని పన్ను చట్టము ఎరుగును. వస్తువులు అమ్మువారికి జి.ఎస్.టి. నమోదు పరిమితి 2019లో చాల రాష్ట్రములలో ఏడాదికి 40 లక్షలకు పెరిగినను తెలంగాణ 20 లక్షలనే ఉంచుకొన్నది. 'మా అమ్మకము మూడు లక్షలే, మాకేమి భయము?' అని సంఘములవారు మమ్ము అడుగుదురు. నిజమే, సరకు ఈ రాష్ట్రములోనే అమ్మినంతవరకు. పన్ను గల వస్తువును ఎటపాకలోనో చింతూరులోనో ఒక దుకాణమునకు చేర్చి అమ్మిరా, అది అంతర్రాష్ట్ర విక్రయము. అప్పుడు 20 లక్షల పరిమితి వర్తింపదు. మొదటి రూపాయి నుండి నమోదు కావలెను. చిన్న వర్తకులు అమ్మకముపై ఒక శాతము కట్టి నిశ్చింతగా నుండు కాంపోజిషన్ పద్ధతిలోనున్నవారు సరకును అసలే రాష్ట్రము దాటించి అమ్మరాదు. కొన్ని చేతివృత్తుల వస్తువులకు మినహాయింపు ఉన్నది. మీ వెదురు బుట్ట అందులో పడునా, మీ సబ్బు పడునా అని తేల్చుటకు చదివినవాడు కావలెను. ఊహ పనికిరాదు.

తేనె మాట చూడుడు. విడిగా తూచి అమ్మిన పన్ను లేదు. ముందుగా సీసాలో కట్టి చీటీ అంటించిన 5 శాతము. 2022 జూలై నుండి ఇదే నియమము. చీటీ అంటించు ముందే ధర ఎంత వేయవలెనో లెక్క చూచుకొననివారు ఆ 5 శాతము తమ కష్టము నుండి ఇచ్చుకొనవలసి వచ్చును.

గిరిజనులకు ఆదాయపు పన్ను లేదను మాట కూడ గూడెములలో వినుచుందుము. ఆ మినహాయింపు ఈశాన్య రాష్ట్రములు, లడఖ్ వంటి కొన్ని ప్రాంతములలో నివసించు గిరిజనులకే గాని మన కోయలకు, కొండరెడ్లకు వర్తింపదు. ఈ మాట నమ్మి ఊరకున్నవారికి నోటీసు వచ్చిననాడు, ఆ మాట చెప్పినవారు కనిపింపరు.

మరి ఎవరిని పిలువవలెను? సంఘపు పుస్తకములు వ్రాయు బాలికను తక్కువ చేయుట మా ఉద్దేశము కాదు. దినదినపు పద్దు ఆమెయే వ్రాయవలెను. పొదుపు సంఘముల పంచసూత్రములలో పుస్తకముల నిర్వహణ ఒకటి గదా. ఆమె వ్రాసిన దానిని చదివి అర్థము చెప్పుటకు, పన్ను పత్రములు పంపుటకు నిపుణుడు కావలెను. చార్టర్డ్ అకౌంటెంట్లు 1949 నాటి చట్టము క్రింద ఏర్పడిన సంస్థలో సభ్యులు. 2019 నుండి వారు ఇచ్చు ప్రతి ధ్రువపత్రముపై 18 స్థానముల సంఖ్య ఉండవలెను. ఆ సంస్థ వెబ్‌సైటులో దానిని ఎవరైనను సరిచూచుకొనవచ్చును. చిన్న సంఘమునకు జి.ఎస్.టి. ప్రాక్టీషనరుగా నమోదైనవారు చాలును. ఒక్క సంఘము ఈ ఖర్చు భరింపలేదు, నిజమే. పది పదునైదు సంఘములు కలిసి నెలకొక దినము ఒకరిని పిలిపించుకొన్నచో తలకు పడునది స్వల్పము.

నిపుణుని పిలిచితిమి గదా యని కన్నులు మూసికొనరాదు. మేము ఎరిగిన ఒక సంఘము పత్రములు పంపుటకు ఒకరికి నెలనెల రుసుము ఇచ్చినది. ఏడాది తరువాత చూడగా ఒక్క పత్రమును దాఖలు కాలేదు. అమ్మకము లేని నెలలోను నమోదైనవారు పత్రము పంపవలెను. లేనిచో రోజునకు 20 రూపాయలు, ఒక్కొక్క పత్రమునకు 500 వరకు ఆలస్య రుసుము పడును. పత్రము పంపిన ప్రతిసారి వచ్చు రసీదు ప్రతిని సంఘపు ఫైలులో కుట్టుకొనుడు. సంతకము చేసిన ఖాళీ చెక్కు ఎవరికిని ఈయరాదు. ఫోనునకు వచ్చు ఓ.టి.పి. ఎందులకో అడుగక చెప్పరాదు. మంచి నిపుణుడు ఈ ప్రశ్నలకు కోపగింపడు.

పంచాయతీ చేయగలిగినది పెద్ద పని కాదు. నెలకొక దినము కార్యాలయమున ఒక గది, ఒక బల్ల, కరెంటు ఇండు. ఊరిలో ఎన్ని సంఘములు, ఎన్ని దుకాణములు వస్తువులను గీత దాటించి అమ్ముచున్నవో వార్డు సభ్యులు ఒక పట్టిక వ్రాసికొని రండు. రుసుము ఎంతయో, ఏ పనికో గ్రామసభలో అందరి ఎదుట చదివి వినిపించి కాగితముపై పెట్టుడు.

ఈ దినము కొందరు సభ్యురాండ్రు తమ పుస్తకములను సంచిలో పెట్టుకొని వచ్చిరని విన్నాము. భోజనములైన పిదప ఆ మర్రిచెట్టు క్రింద కూర్చుందము. రసీదులు లేనివారు కూడ రావచ్చును. ఎవరికి ఎంత ఇచ్చిరో జ్ఞాపకమున్నంతవరకు అక్కడనే వ్రాసికొందము.