ట్రాక్టరు లిఫ్టు ఒకప్రక్కకు ఒరిగి యెత్తుట: కారణములు, సవరణలు
(కోయిలకుంట్ల రైతులకొఱకు ప్రసంగ పాఠము)



కుందూ నది కిరుప్రక్కల నున్న ఈ నల్లరేగడి భూముల స్వభావము తమకు నేను చెప్పవలసినది కాదు. వాన కురిసిన దినములలో కాలు పెట్టనీయవు. ఎండ ముదిరినచో నెఱియలు వాఱును. ఈ రెండింటి నడుమ దొరకు కొలది దినముల పదునులోనే శనగ విత్తుట ముగియవలెను. చిత్త, స్వాతి కార్తెలలో పైమన్ను దినదినమునకు ఆరుచు, తేమ క్రిందికి దిగుచుండును. ఇట్టి సమయమున విత్తనపు గొర్రు యొక్క ఎడమ కర్రులు నాలుగంగుళములు దిగి, కుడి కర్రులు ఒకటిన్నర అంగుళమే దిగినచో, కుడిప్రక్క విత్తనము పొడిమంటిలో పడి మొలవదు. పోవునప్పటి కుడిప్రక్కకు వచ్చునప్పటి కుడిప్రక్క ఆనుకొని పడుటచేత చేనిలో బోడిపట్టీ రెట్టింపు వెడల్పున కనబడును. మొలక సరిగా లేని చేనిలో ఇట్టి పట్టీలు క్రమముగా కనబడినచో, విత్తనమును నిందింపక ముందు లిఫ్టును చూడవలెను.

గొర్రు ఒరిగి లేచుచున్నదని చెప్పినంతనే “హైడ్రాలిక్ పోయినది” అను మాట వినబడును. లిఫ్టు పెట్టెను విప్పుదురు. రబ్బరు రింగులు మార్తురు. రెండు మూడు దినములు, కొన్నివేల రూపాయలు పోవును. గొర్రు మునుపటివలెనే ఒరిగియుండును. పదును మాత్రము నిలువదు. నా మనవి యొక్కటే: ఒరుగుట నూనె దోషము కాదు, ఇనుము దోషము. పెట్టెను విప్పుటకు ముందు వెలుపల చూడవలసినవి అనేకములు కలవు.

ఏల యనగా, ఈ ఏర్పాటు ఐర్లండు దేశస్థుడగు హారీ ఫెర్గూసన్ కల్పించినది. 1936లో ఆయన పేరిట వెలువడిన ట్రాక్టరునందును, 1939లో ఫోర్డు కంపెనీ తయారుచేసిన ట్రాక్టరునందును ఇది యుండెను. నేడు దాదాపు అన్ని ట్రాక్టర్లకును ఇదియే. ఇంగ్లీషు పుస్తకములలోని పేరును మాటకు మాటగా తెనిగించినచో “త్రిబిందు సంధానము” అనవలసి వచ్చును. అనువాదము నా వృత్తియే యైనను ఆ పదమును తమమీద మోపను. డ్రైవర్ల మాటలే చాలును: క్రింది లింకులు రెండు, పైన టాప్ లింకు ఒకటి, క్రింది లింకులను పైకి లాగు లిఫ్ట్ రాడ్లు రెండు.

సీటు క్రింది పెట్టెలో సాధారణముగా సిలిండరు ఒకటే, పిస్టను ఒకటే. నూనె ఒత్తిడి పిస్టనును త్రోయగా, అది ఒక అడ్డపు ఇరుసును త్రిప్పును. ఆ యిరుసు కొనలకు రెండు చేతులు పండ్లతో బిగింపబడియుండును. కావున కుడిచేతికి వేఱు నూనె, ఎడమచేతికి వేఱు నూనె యనునది లేదు. నూనె తగ్గినను, వడపోత పూడినను, రింగులు అరిగినను లిఫ్టు మెల్లగా లేచును, లేదా ఎత్తినది తనంతట దిగిపోవును. కాని రెండు ప్రక్కలును ఒకే రీతిగా.

పరీక్షింపబోవునప్పుడు ట్రాక్టరును కళ్లమువంటి చదునైన చోట నిలుపుడు. మొదట వెనుక టైర్లలో గాలి రెండింట సమముగా నున్నదా చూడుడు. ఒక టైరు క్రొత్తదియు, రెండవది అరిగినదియు నైనచో ట్రాక్టరే ఒరిగియుండును. లిఫ్టు ఏమి చేయగలదు? పిదప గొర్రును నేలకు దింపి, ఇంజను ఆపి, లిఫ్ట్ రాడ్లు రెండింటిని పై పిన్ను నడిమినుండి క్రింది పిన్ను నడిమివఱకు టేపుతో కొలువుడు. గొర్రునకు, గుంటకకు ఈ కొలతలు రెండును సమముగా నుండవలెను.

ఇచ్చటనే తఱచుగా చిక్కు బయటపడును. ఎడమ రాడ్డు సాధారణముగా మారనిది. కుడి రాడ్డునకు పిడి యుండును, దానిని త్రిప్పిన పొట్టియు పొడవును అగును. వేసవిలో మడక దున్నునప్పుడు కుడి చక్రము సాలులో నడచును గనుక ట్రాక్టరు కుడికి వంగును. మడక చదునుగా నుండుటకై కుడి రాడ్డును పొట్టి చేయుదురు. అది సరియైన పనియే. తరువాత చిత్తకార్తెలో అదే ట్రాక్టరునకు గొర్రు తగిలింతురు. పిడిని ఎవ్వరును తలచుకొనరు. కుడిప్రక్క పైకి లేచియే యుండును. బాడుగ ట్రాక్టరు తెచ్చుకొన్నవారు దీనిని మఱింత శ్రద్ధతో చూడవలెను. నిన్న అది ఎవరి చేనిలో ఏ పని చేసినదో మనకు తెలియదు. పిడికి బిగింపు లేనిచో అదరుటచేతనే తిరిగిపోవుటయు కలదు.

రాడ్లు సమముగా నున్నను గొర్రు ఒరిగినచో, ఎత్తుచు గమనింపుడు. నేలవద్ద సమముగా నుండి, లేచినకొలది తేడా పెరుగుచున్నదా? అట్లయిన ఒక రాడ్డు క్రింది లింకు ముందు రంధ్రములోను, రెండవది వెనుక రంధ్రములోను తగిలియుండవచ్చును. ఒక ప్రక్క కొంత ఆలస్యముగా కదలుచున్నదా? ఆ ప్రక్క పిన్ను నిడుపు రంధ్రములోను, రెండవ ప్రక్కది గుండ్రని రంధ్రములోను ఉన్నదేమో చూడుడు. పైవఱకు లేచిన తరువాతనే ప్రక్కకు లాగుచున్నచో గొలుసులలో ఒకటి మిక్కిలి బిగిసియున్నది.

పిన్నులను మఱువరాదు. చిన్నతరగతి పనిముట్ల పిన్ను 22 మిల్లీమీటర్లు, పెద్దతరగతిది 28 మిల్లీమీటర్లు. పెద్ద బాలులో చిన్న పిన్నును బుష్షు లేక దూర్చినచో ఆ ప్రక్క జారియుండును. అరిగి కోలగా మారిన రంధ్రము చేయు పనియు అదియే. మఱియొక పనిముట్టు తగిలించి చూచినప్పుడు అది చదునుగా లేచినచో, వంకర మొదటి గొర్రు చట్రములోనిదని తెలియును. టాప్ లింకును త్రిప్పి లాభము లేదు. అది ముందువెనుకల వాలును మార్చును గాని కుడియెడమలను మార్చదు.

ఇన్నియు సరియైనచో, చేయియు ఇరుసును కలియు చోట సున్నముతో అడ్డగీత గీసి ఎత్తుడు. గీత విడిపోయినచో పండ్లు అరిగినవి. మరమ్మతు జరిగిన పిమ్మటనే ఒరుగుట మొదలైనచో, చేతిని ఒక పన్ను తప్పించి బిగించిరేమో చూపింపుడు. ఇది షెడ్డు పని, చేని పని కాదు.

ఎద్దుల గుంటకపై రాయి పెట్టుటయు, మనిషి నిలుచుటయు మన పూర్వుల అలవాటు. ట్రాక్టరు గొర్రు యొక్క లేచిన ప్రక్కపై మనిషిని కూర్చుండబెట్టుట ప్రాణాపాయము. ఎత్తిన పనిముట్టు క్రింద చేయి పెట్టుట అంతకంటె అపాయము. నూనెపై నిలిచినది ఏ క్షణమున దిగునో చెప్పలేము.

సవరించిన తరువాత చేనిలో ఇరువది గజములు నడిపి, ఎడమ చివరి సాలును, కుడి చివరి సాలును చేతితో త్రవ్వి విత్తనపు లోతు కొలువుడు. తేడా యున్నచో పిడిని ఒకటి రెండు చుట్లు త్రిప్పి మరల చూడుడు. కుదిరిన చోట రాడ్డుపై రంగుతో గుర్తు పెట్టినచో మడక పని యైన తరువాత వెంటనే అచ్చటికి తేవచ్చును. యంత్రములపని నేర్వగోరు యువకులకు అనంతపురము జిల్లా గార్లదిన్నెలోని వ్యవసాయ యంత్ర శిక్షణ సంస్థ కలదు.