మన ఎంపీ ఎటు ఓటేశారు?
(సంస్థ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)





పార్లమెంటులో మన సభ్యుడు ఎటు ఓటేశాడో తెలుసుకోవడం ఎలా, ఇద్దరు సభ్యుల్ని పోల్చి చూడడం ఎలా అన్నది నాకిచ్చిన అంశం. జకాత్, స్కాలర్‌షిప్పులు, పేదింటి పెళ్లిళ్లు చూసుకునే సంస్థకు ఇదెందుకని కొందరు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. 2025 ఏప్రిల్‌లో వక్ఫ్ సవరణ బిల్లు పాసైన వారంలో మీ ఫోన్లకు ఎన్ని జాబితాలు వచ్చాయో గుర్తు చేసుకోండి. ఫలానా ఎంపీ మనల్ని ముంచాడని ఒకరు, ఆయన అసలు సభలోనే లేడని ఇంకొకరు. ఆధారమేమిటంటే, ఎవరో పంపారు, మేమూ పంపాం. ఓటు ఒక గవాహీ అని మన ఉలమాలు ఎలక్షన్లప్పుడల్లా చెబుతారు. సభలో ఎంపీ వేసే ఓటూ గవాహీయే. ఆ ఓటు గురించి పది మందికి మనం చెప్పే మాట కూడా గవాహీయే కదా. అతను చేయనిది చేశాడని చెబితే దాన్ని బుహ్తాన్ అంటారు. చేసింది దాచిపెడితే అదీ తప్పే. అందుకని ఈ గంట ఈ విషయానికి ఇవ్వడం దండగ కాదనుకుంటాను.

ముందుగా ఒక సంగతి. మన పార్లమెంటులో చాలా బిల్లులకు ఎవరు ఎటు ఓటేశారన్న రికార్డే ఉండదు. స్పీకర్ గారు అనుకూలురు 'హా' అనండి, వ్యతిరేకులు 'నా' అనండి అంటారు. గొంతులు విని ఫలితం చెప్పేస్తారు. మన పత్రికలు దీన్నే మూజువాణి ఓటు అంటాయి. ఇందులో పేర్లుండవు, అంకెలూ ఉండవు. ఎవరైనా సభ్యుడు ఆ ఫలితాన్ని ఒప్పుకోకుండా డివిజన్ అడిగితేనే లాబీలు ఖాళీ చేయించి, గంట మోగించి, మీటలు నొక్కిస్తారు. ఆకుపచ్చ మీట అనుకూలం, ఎరుపు వ్యతిరేకం, పసుపు తటస్థం. అప్పుడు పడ్డ ఓట్లే పేర్లతో సహా సభా చర్చల పుస్తకంలో అచ్చవుతాయి. పార్లమెంటు వెబ్‌సైట్‌లో ఆ చర్చలు ఎవరైనా చదువుకోవచ్చు. మీట సరిగా పడని వారు చీటీ రాసిచ్చి సరిచేయించుకుంటారు. కాబట్టి ఆ రాత్రి టీవీలో చూపిన అంకెకూ, తర్వాత అచ్చయిన అంకెకూ కొంత తేడా రావచ్చు. దాన్ని చూసి కుట్ర అనుకోనక్కర్లేదు.

మన తెలుగువాళ్లకు దీనికంటే పెద్ద ఉదాహరణ అక్కర్లేదు. 2014 ఫిబ్రవరి 18న లోక్‌సభలో ఆంధ్రప్రదేశ్ పునర్విభజన బిల్లు పాసైంది. ప్రత్యక్ష ప్రసారం ఆగిపోయింది, సభ గందరగోళంగా ఉంది, బిల్లు మూజువాణి ఓటుతో గట్టెక్కింది. మన తరంలో తెలుగువారి బతుకుల్ని అంతగా మార్చిన చట్టం ఇంకోటి లేదు. దాని మీద ఏ ఎంపీ ఏమన్నాడో పేరుపేరునా చూపే జాబితా మాత్రం లేదు. 2020 సెప్టెంబరు 20న రాజ్యసభలో సాగు బిల్లులకూ ఇదే జరిగింది. డివిజన్ కావాలని ప్రతిపక్షం అరిచినా, సభ్యులు తమ స్థానాల్లో లేరన్న కారణంతో ఇవ్వలేదు.

డివిజన్ అడగడం చిన్న పనేమీ కాదని చెప్పడానికే ఇదంతా. 2019 జూలైలో ఎన్ఐఏ సవరణ బిల్లు మీద హైదరాబాద్ ఎంపీ అసదుద్దీన్ ఒవైసీ డివిజన్ కోరారు. హోంమంత్రి అమిత్ షా కూడా జరగాల్సిందే అన్నారు. ఎవరు ఉగ్రవాదం వైపు ఉన్నారో దేశం చూడాలన్నది ఆయన ఉద్దేశం. 278 మంది అనుకూలం, ఆరుగురు వ్యతిరేకం. ఒకే జాబితాను ఇద్దరూ కోరుకున్నారు, కోరిన కారణాలు మాత్రం వేరు. ఒక దర్యాప్తు సంస్థ అధికారాలు పెంచవద్దన్నంత మాత్రాన ఆ ఆరుగురు ఉగ్రవాదం వైపు ఉన్నట్టా? కాదని మనకు తెలుసు. అయితే మనం అవతలివాడి మీద ముద్ర వేసేటప్పుడు కూడా ఇదే న్యాయం పాటించాలి. 2023 సెప్టెంబరులో మహిళా రిజర్వేషన్ బిల్లుకు లోక్‌సభలో 454 మంది అవునన్నారు, ఇద్దరు కాదన్నారు. ఆ ఇద్దరూ మజ్లిస్ వారు. అంకె ఒక్కటే చూస్తే స్త్రీలకు వ్యతిరేకులన్నట్టు కనిపిస్తుంది. బీసీ, ముస్లిం స్త్రీలకు అందులో వాటా లేదని వారు సభలోనే చెప్పారు. ఆ కారణం మీకు నచ్చవచ్చు, నచ్చకపోవచ్చు. దాన్ని రాయకుండా ఓటు మాత్రమే రాస్తే సగం గవాహీ అవుతుంది.

రెండో చిక్కు విప్. 1985లో ఫిరాయింపుల నిరోధక చట్టం వచ్చాక, పార్టీ ఆదేశానికి విరుద్ధంగా ఓటేసినా, ఓటింగుకు దూరంగా ఉన్నా సభ్యత్వం పోవచ్చు. పార్టీ పదిహేను రోజుల్లో క్షమిస్తే సరే. కాబట్టి మనం పేరు పేరునా పోల్చామనుకుంటాం కానీ, చాలాసార్లు పోల్చేది పార్టీలనే. మన ఎంపీ మంచివాడే, పార్టీ మాట కాదనలేకపోయాడు అని ఆయన అనుచరులు సర్దిచెబుతారు. అది కొంత నిజమే. కానీ 1999 ఏప్రిల్ 17ను కూడా గుర్తుంచుకోండి. వాజ్‌పేయి ప్రభుత్వం 269కి 270తో, ఒక్క ఓటుతో పడిపోయింది. నేషనల్ కాన్ఫరెన్స్ ఎంపీ సైఫుద్దీన్ సోజ్ పార్టీ ఆదేశాన్ని కాదని ప్రభుత్వానికి వ్యతిరేకంగా ఓటేశారు. పార్టీ ఆయన్ను బహిష్కరించింది. ఆయన చేసింది తప్పా ఒప్పా అన్నది వేరే చర్చ. విప్ ఉన్నా కాదనే దారి ఉంది, దానికి మూల్యమూ ఉంది. అంతవరకు చెబితే చాలు.

బ్రిటన్‌లో మన వాళ్ల పిల్లలు చాలామంది ఉన్నారు కనుక అక్కడి సంగతి ఒక మాట. కామన్స్ సభ 1836 నుంచి ఓటింగ్ జాబితాలు అచ్చు వేస్తోంది. 2003 మార్చి 18న ఇరాక్ యుద్ధానికి 412 మంది అవునన్నారు, 149 మంది కాదన్నారు. అంతకు ముందు ఆ యుద్ధాన్ని వ్యతిరేకించే సవరణకు అధికార లేబర్ పార్టీ నుంచే 139 మంది ఓటేశారు. అక్కడ విప్‌ను కాదంటే పదవి దక్కకపోవచ్చు, సభ్యత్వం మాత్రం పోదు. అందుకే అక్కడ ఒక్కో ఎంపీ పేరు మీద లెక్క తీయడానికి అర్థం ఉంది. ఒక విషయం మీద పదేళ్లలో వేసిన ఓట్లన్నీ కలిపి, ఎప్పుడూ అనుకూలం, చాలావరకు వ్యతిరేకం అని చెప్పే వెబ్‌సైట్లున్నాయి. ఆ పద్ధతిని ఉన్నదున్నట్టు ఇక్కడికి తెచ్చుకుంటే మనం మోసపోతాం.

మూడోది, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది గైర్హాజరు. అచ్చయిన జాబితాలో అవును, కాదు, తటస్థం అన్నవారి పేర్లే ఉంటాయి. రాని వారి పేర్లు ఎవరూ వేయరు. మనమే సభ్యుల మొత్తం జాబితా పక్కన పెట్టుకుని వెతకాలి. 2019 జూలై 30న రాజ్యసభలో తలాక్ బిల్లు 99కి 84తో పాసైంది. తేడా 15. ఆ రోజు ఓటు వేయని వారి సంఖ్య అంతకంటే చాలా ఎక్కువ. జేడీయూ, అన్నా డీఎంకే వాకౌట్ చేశాయి. టీఆర్ఎస్, తెలుగుదేశం, బీఎస్పీ ఓటింగులో పాల్గొనలేదు. ఆ తర్వాత మన దగ్గరికి వచ్చి, మేము ఆ బిల్లుకు ఓటేయలేదు అనడానికి వారికి వీలుంది. మాట అబద్ధం కాదు. కానీ పూర్తి నిజమూ కాదు. పెళ్లికి పిలిస్తే రాకుండా, నేను అడ్డు చెప్పలేదుగా అన్నట్టుంటుంది. జబ్బు చేసి రాలేనివారు కూడా ఉంటారు. అది కూడా విచారించి రాయాలి.

ఇప్పుడు మూడు బిల్లుల్ని పక్కపక్కన పెట్టి చూడండి. తలాక్ బిల్లును వైఎస్సార్ కాంగ్రెస్ వ్యతిరేకించింది. తెలుగుదేశం, టీఆర్ఎస్ రాజ్యసభలో ఓటింగుకు దూరంగా ఉన్నాయి. అయిదు నెలలు తిరక్కుండానే డిసెంబరులో పౌరసత్వ సవరణ బిల్లు వచ్చింది. తలాక్ బిల్లును కాదన్న వైఎస్సార్ కాంగ్రెస్ దీన్ని బలపరిచింది, తెలుగుదేశమూ బలపరిచింది, టీఆర్ఎస్ వ్యతిరేకించింది. 2025లో వక్ఫ్ బిల్లు లోక్‌సభలో 288కి 232తో, రాజ్యసభలో 128కి 95తో పాసైంది. తెలుగుదేశం, జనసేన మద్దతిచ్చాయి. లోక్‌సభలో వైఎస్సార్ కాంగ్రెస్ వ్యతిరేకించింది. టీఆర్ఎస్ అప్పటికి బీఆర్ఎస్ అయింది, లోక్‌సభలో దానికి ఒక్క సభ్యుడూ లేడు. ఒక్క బిల్లు మాత్రమే తీసుకుని జాబితా వేస్తే ఎవర్ని కావాలంటే వాళ్లను దోస్తు చేయవచ్చు, దుష్మన్ చేయవచ్చు. మూడూ కలిపి చూస్తే ఎవరికీ ఆ పేరు అతకదు. బిల్లుల్ని ఎంచుకోవడంలోనే పక్షపాతం దూరుతుంది. అందుకే ముందు బిల్లుల పేర్లు ఖాయం చేసి, ఆ తర్వాతే ఎంపీల పేర్లు తెరవాలి.

ఓటు వరకే చూస్తే మన సంస్థకు దగ్గరి విషయం ఒకటి తప్పిపోతుంది. మైనారిటీ పిల్లల ప్రీమెట్రిక్ స్కాలర్‌షిప్పును 2022-23 నుంచి 9, 10 తరగతులకే పరిమితం చేశారు. అంతకు ముందు ఒకటో తరగతి నుంచి ఇచ్చేవారు. పరిశోధన విద్యార్థులకిచ్చే మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌ను కూడా ఆ ఏడాది నుంచే ఆపేశారు. ఈ రెండింటి మీద సభలో ఓటింగ్ పెట్టి తేల్చింది లేదు. ప్రభుత్వ నిర్ణయాలు అంతే. బడ్జెట్ సమావేశాల చివర్లో చాలా శాఖల పద్దుల్ని చర్చ లేకుండా ఒక్కసారిగా పాస్ చేస్తారు, దాన్ని గిలెటిన్ అంటారు. ఇక ఎంపీని దేనితో కొలవాలి? అడిగిన ప్రశ్నలతో. స్కాలర్‌షిప్పు ఎందుకు తగ్గించారని ఎవరు అడిగారు, మంత్రి ఏం జవాబిచ్చారు అన్నది పేర్లతో సహా పార్లమెంటు వెబ్‌సైట్‌లో ఉంటుంది. పీఆర్ఎస్ అనే సంస్థ హాజరు, ప్రశ్నలు, చర్చలు, ప్రైవేటు బిల్లులు ఎంపీ వారీగా చూపిస్తుంది. అక్కడా ఒక జాగ్రత్త. మంత్రులు హాజరు పట్టీలో సంతకం పెట్టరు, ప్రశ్నలు అడగరు. మంత్రిగా ఉన్న ఎంపీకి సున్నా కనిపిస్తే సోమరి అనుకోకండి. మూడు వందల ప్రశ్నలు అడిగినాయన గొప్పవాడనీ అనుకోకండి, ప్రశ్నలు తెరిచి చదవండి. ఒక్కోసారి అదే ప్రశ్న పది మంది పేర్ల మీద ఉంటుంది.

ఇక మన యువకులు తయారుచేస్తామన్న కాగితం గురించి. సంస్థ ఫలానా వారికి ఓటేయమని చెప్పదు, చెప్పకూడదు కూడా. కాగితం రెండు పేజీలు దాటకూడదు. తెలుగులో ఒకవైపు, ఉర్దూలో ఇంకోవైపు. ఒక్కో బిల్లుకు తేదీ, సభ, డివిజన్ జరిగిందా లేదా, మన జిల్లా ఎంపీ ఎటు, విప్ ఉన్నట్టు బయటికి తెలిసిందా, సభలో ఆయన చెప్పిన కారణం, ఈ గడులుండాలి. మూజువాణి అయితే మూజువాణి అని రాయండి, ఊహించి నింపకండి. గైర్హాజరు అయితే ఆ గడిని ఖాళీగా వదలకుండా ఆ మాటే రాయండి. పొగడ్త, తిట్టు రెండూ వద్దు. మార్కులు, నక్షత్రాలు అసలే వద్దు. అచ్చుకు ఇచ్చే ముందు ఒక ప్రతి ఎంపీ గారి ఆఫీసుకు పోస్టులో పంపి, పదిహేను రోజులు గడువివ్వండి. జవాబు వస్తే ఒక్క అక్షరం తీసేయకుండా కింద వేయండి. రాకపోతే పంపిన తేదీ వేసి, జవాబు రాలేదని రాయండి.