కాలు కింద పెట్టొద్దంటే ఎట్లా?

(మహిళా సంఘాల కార్యకర్తల ఆరోగ్య శిక్షణ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను డాక్టర్ని కాను. ప్రభుత్వ ఆసుపత్రి సర్జరీ వార్డులో చాలా ఏళ్లు నర్సుగా పనిచేసి రిటైరయ్యాను. షుగరు జబ్బుతో కాలికి పుండుపడి వచ్చినవాళ్లు ఆ వార్డులో ఎప్పుడూ ఉండేవారు. వాళ్లు ఇంటికి వెళ్లే రోజు డిశ్చార్జి చీటీ చదివి వినిపించడం నా పని. మాత్రలు, ఇన్సులిను, కట్టు, మళ్లీ రావలసిన తేదీ అన్నీ తలూపుతూ వినేవారు. "కాలు కింద పెట్టకూడదు" అనేసరికి ఆడవాళ్లు మాత్రం దాదాపు అందరూ ఒకే మాట అడిగేవారు: "కాలు కింద పెట్టొద్దంటే ఎట్లమ్మా? ఇంట్లో పనెవరు చేస్తారు?" ఈ రోజు ఆ ప్రశ్న గురించే మాట్లాడతాను.

మన దేశంలో షుగరు జబ్బు ఉన్నవాళ్లు 10 కోట్లకు పైనే ఉన్నారని భారత వైద్య పరిశోధనా మండలి సర్వే 2023లో తేల్చింది. ఇది డబ్బున్నవాళ్ల జబ్బు అనే మాట ఎప్పుడో పోయింది. కూలికి వెళ్లే ఆడవాళ్లలోనూ ఉంది.

ఈ జబ్బు కాలినెట్లా పాడుచేస్తుందో ముందు తెలుసుకుందాం. ఏళ్ల తరబడి రక్తంలో చక్కెర ఎక్కువగా ఉంటే కాలి నరాలు దెబ్బతిని స్పర్శ పోతుంది. రక్తనాళాలు కూడా సన్నబడితే పుండు మానడానికి కావలసిన రక్తం అందదు. ముల్లు గుచ్చుకున్నా, చెప్పు కరిచినా, రాత్రి ఎలుక కొరికినా తెలియదు. మామూలుగా పుండు పడితే నొప్పి మనల్ని కాలు కింద పెట్టనివ్వదు. ఆ నొప్పే కాలికి కాపలా. స్పర్శ పోయిన కాలికి ఆ కాపలా లేదు. పుండు మీదే బరువు వేసి నడుస్తుంటే కొత్తగా పుట్టే కండ అడుగడుగునా నలిగిపోతుంది. అరికాలి పుండుకు ఎంత ఖరీదైన మందు వాడినా, దాని మీద బరువు పడుతున్నంత కాలం మానదు. అందుకే విశ్రాంతి కూడా చికిత్సే.

ఆడవాళ్లకు అన్యాయం జరిగేది సరిగ్గా ఇక్కడే. భర్త కాలికి పుండైతే భార్య వేళకు కట్టు మారుస్తుంది, అన్నం మంచం దగ్గరికి తెస్తుంది. ఆమెకే పుండైతే "నొప్పి లేదంటున్నావుగా" అంటారు. మూడో రోజుకి పొయ్యి దగ్గర నిలబడుతుంది. వారానికి బిందె ఎత్తుతుంది, నాట్ల రోజులైతే బురదలో దిగుతుంది. జబ్బు ఒకటే, చీటీ ఒకటే. మానే అవకాశం మాత్రం ఇద్దరికీ ఒకటి కాదు.

మరి అటువంటి ఇంటికి మనం వెళ్లినప్పుడు ఏం చూడాలి?

మొదటిది కట్టు. మార్చేవాళ్లు చేతులు సబ్బుతో కడుక్కోవాలి. ఆసుపత్రిలో చెప్పినట్లే సెలైనుతో శుభ్రం చేసి, శుభ్రమైన గాజుగుడ్డ వేయాలి. పసుపు, సున్నం, కాఫీపొడి, ఆకుపసరు పెట్టకూడదు. వేడినీళ్ల కాపడం అసలు కూడదు, కాలు కాలినా ఆమెకు తెలియదు. ఆనెల్ని బ్లేడుతో కోయకూడదు. దుర్వాసన, చీము పెరగడం, ఎరుపు పైకి పాకడం, వేలు నల్లబడటం, చలిజ్వరం, వీటిలో ఏ ఒక్కటి కనబడినా ఇచ్చిన తేదీ కోసం ఆగకుండా ఆ రోజే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.

రెండోది, బాగున్న కాలు. ఇప్పుడు బరువంతా దాని మీదే. రోజూ రాత్రి రెండు అరికాళ్లూ, వేళ్ల సందులూ చూసుకోవాలి. వంగలేకపోతే అద్దం కింద పెట్టి చూసుకోవచ్చు. ఇంట్లో కూడా చెప్పులు వేసుకోవాలి. పెద్దవాళ్లు ఒప్పుకోకపోతే ఇంట్లోకని విడిగా ఒక జత ఉంచమనండి. ఎం.సి.ఆర్. అనే మెత్తటి రబ్బరుతో చేసి, మడమ వెనక పట్టీ ఉన్న చెప్పులు వీళ్లకు మంచివి.

మెట్టెలు తీయమని చెప్పడం వార్డులో అన్నిటికన్నా కష్టంగా ఉండేది. వేలు వాస్తే మెట్టె బిగుసుకుని కోసుకుపోతుంది. అయినా భర్త ఉండగా ఎట్లా తీస్తానని కళ్లనీళ్లు పెట్టుకునేవారు. ఆ భయాన్ని మనం వెక్కిరించకూడదు. భర్త చేత, అత్తగారి చేత "తీసెయ్యి" అనిపించగలిగితే పని సులువవుతుంది.

మూడోది తిండి. అందరూ తిన్నాక తినడం, వారానికో ఒక్కపొద్దు మన ఆడవాళ్లకు అలవాటు. ఇన్సులిను వేసుకుని వేళకు తినకపోతే చక్కెర పడిపోతుంది. చెమట, వణుకు, కళ్లు తిరగడం మొదలైతే వెంటనే 3 చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి.

పుండు మానిందని ఊరుకోవడానికి లేదు. మానినవాళ్లలో నూటికి 40 మందికి దాకా ఏడాదిలోపే మళ్లీ పడుతుంది. పుండు పడకముందే ప్రమాదాన్ని కనిపెట్టే పరీక్ష ఒకటుంది. పరికరమేమీ అక్కరలేదు. కళ్లు మూసుకోమని, రెండు కాళ్ల బొటనవేలు, నడిమి వేలు, చిటికెన వేలు కొసల్ని మన వేలి కొసతో తేలిగ్గా, ఒకటి రెండు సెకన్లు తాకాలి. నొక్కకూడదు. ఆరింటిలో రెండు, అంతకన్నా ఎక్కువ చోట్ల తెలియలేదంటే ఆ కాళ్లు ప్రమాదంలో ఉన్నట్లే. డాక్టరుకు చూపించాలి.

ఇక హక్కుల సంగతి. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక పేదవాళ్లకు ఆపరేషను ఖర్చు కొంత తప్పింది. కానీ మంచం మీద ఉన్న రోజుల కూలి ఎవరిస్తారు? 2019 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో ఆరోగ్య ఆసరా పేరుతో, ఆపరేషను తర్వాత కోలుకునే రోజులకు రోజుకు 225 రూపాయలు, నెలకు 5000 మించకుండా ఇచ్చే పథకం మొదలుపెట్టారు. విశ్రాంతికి ఖర్చవుతుందని ప్రభుత్వమే ఒప్పుకున్నట్లయింది. ఆ ఒప్పుకోలును మనం వదలకూడదు. ఏ ప్రభుత్వం ఉన్నా, ఏ రాష్ట్రమైనా, కాలి పుండుతో ఇంటికి పంపిన ప్రతి మనిషికీ మానేదాకా భృతి ఇవ్వాలని అడగాలి. ఇంటిచాకిరీ చేసే స్త్రీని "కూలి లేదు కదా" అని ఆ లెక్కలోంచి తీసేయనివ్వకూడదు. కట్టు మార్చడం ఊళ్లోని ఆరోగ్య కేంద్రంలోనే జరగాలనీ, చెప్పులు మందులతోపాటు ఉచితంగా ఇవ్వాలనీ అడగాలి. డిశ్చార్జి చీటీని భర్తకో కొడుకుకో ఎదురుగా చదివి, ఇంటిపని ఎవరు చేస్తారో అక్కడే అడగాలనీ పట్టుబట్టాలి.

ప్రభుత్వం కదిలేదాకా ఆమె కాలు ఆగదు. అంతవరకు సంఘం సభ్యులు వంతులు వేసుకుని ఆమె నీళ్లు, వంట చూడగలరేమో మాట్లాడుకోండి. ఇంటి మగవాళ్లకు కూడా అందులో వంతు వేయడం మరచిపోకండి.