కరెంటు పోయిన రాత్రికి ముందే లెక్క వేసుకుందాం
(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



వానరాకడ, ప్రాణం పోకడ ఎవరికీ తెలియవంటారు. ఆ వరసలో కరెంటు పోకడను కూడా చేర్చుకోవచ్చు. పోయేది అరగంటయితే విసనకర్రతో సరిపెట్టుకుంటాం. రోజుల తరబడి పోతే ఎలా ఉంటుందో విశాఖపట్నంలో బంధువులున్న వారందరికీ తెలుసు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను అక్కడ తీరం దాటింది. స్తంభాలు నేలకూలాయి, తీగలు తెగిపోయాయి. చాలా పేటల్లో రోజుల తరబడి చీకటే. మోటార్లు తిరగక నీళ్ళు లేవు, ఛార్జింగు లేక ఫోన్లు మూగపోయాయి. అటువంటప్పుడు బ్యాటరీ కోసం దుకాణానికి పరుగెత్తటం ఇల్లు కాలుతుంటే బావి తవ్వినట్లే గదా! కాబట్టి ఎండ కాస్తుండగానే ఆలోచించుకోవాలని మనవి చేస్తున్నాను.

ముందుగా ఒక అపోహను తొలగించాలి. “మేడ మీద సోలార్ పలకలు పెట్టించాం, ఇక కరెంటు పోయినా మాకు బాధ లేదు” అని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. లైనుకు కలిపిన మామూలు సోలార్ ఏర్పాటు, లైనులో కరెంటు పోగానే తానూ ఆగిపోతుంది. నడినెత్తిన సూర్యుడున్నా ఇంట్లో ఫ్యాను తిరగదు. ఇది లోపం కాదు, కావాలని పెట్టిన జాగ్రత్త. మన మేడ మీది కరెంటు వీధి తీగల్లోకి పోతే, సరఫరా లేదనుకుని స్తంభమెక్కిన లైన్‌మన్ ప్రాణానికే ముప్పు. కాబట్టి ఆ ఏర్పాటు బిల్లు తగ్గించటానికే గాని, చీకటిలో ఆదుకోవటానికి కాదు. రెండూ కావాలంటే హైబ్రిడ్ ఇన్వర్టరు, దానికి తగిన బ్యాటరీ ఉండాలి. ఇప్పటికే మామూలు ఇన్వర్టరు, బ్యాటరీ ఉన్నవారు ఒక పలక, ఛార్జ్ కంట్రోలరు చేర్చి ఆ బ్యాటరీనే ఎండతో నింపుకోవచ్చు. అయితే పలకకు, కంట్రోలరుకు, బ్యాటరీకి వోల్టేజీ పొత్తు కుదరాలి.

ఇక లెక్కకు వద్దాం. లెక్క అంటే భయపడకండి, పచారీ చీటీ రాసినంత సులువు. కరెంటు పోయినప్పుడు తప్పనిసరిగా నడవాల్సినవి ఒక కాగితం మీద రాయండి. మామూలు ఫ్యాను ఒక్కొక్కటి 75 వాట్లు తింటుంది. మూడు ఫ్యాన్లకు 225. తొమ్మిది వాట్ల ఎల్‌ఈడీ బల్బులు అయిదు, 45. ఫోన్ల ఛార్జింగుకు, ఇంటర్నెట్ పెట్టెకు కలిపి 30. మొత్తం 300 వాట్లు.

ఇప్పుడు బ్యాటరీ చూడండి. 12 వోల్టులు, 150 ఆంపియర్ అవర్ల ట్యూబులర్ బ్యాటరీ మన ఇళ్ళలో చాలా వాడుకలో ఉన్నదే. 12ను 150తో గుణిస్తే 1800 వాట్ అవర్లు. అది కాగితం మీది మాట. సీసపు బ్యాటరీని రోజూ అడుగంటా పీల్చితే త్వరగా చెడుతుంది, సగమే వాడటం మంచిది. అంటే 900. ఇన్వర్టరు తన వాటా తాను తీసుకోగా, మన చేతికి వచ్చేది సుమారు 765. దాన్ని 300తో భాగించండి. రెండున్నర గంటలు! దుకాణంలో “రాత్రంతా వస్తుందండీ” అన్న మాటకూ, ఈ లెక్కకూ ఎంత దూరమో చూశారు గదా.

మరి ఇంకో బ్యాటరీ కొనాలా? తొందరపడకండి. ఇప్పుడు బీఎల్‌డీసీ ఫ్యాన్లు వచ్చాయి, ఒక్కొక్కటి 30 వాట్ల దగ్గర సరిపెట్టుకుంటుంది. మూడింటికి 90. మొత్తం 165కు దిగింది. అదే బ్యాటరీ ఇప్పుడు నాలుగున్నర గంటలు లాగుతుంది. మంచమున్నంతవరకే కాళ్ళు చాపుకోమన్నారు పెద్దలు. ఇక్కడ మంచాన్ని పొడిగించటం కంటే కాళ్ళు ముడుచుకోవటమే చవక. పైగా కరెంటు ఉన్న రోజుల్లో కూడా బిల్లు తగ్గుతుంది.

కొన్నింటిని ఈ చీటీలో చేర్చకండి. గీజరు, ఇస్త్రీపెట్టె, ఏసీ, నీళ్ళ మోటారు. ఒక హార్స్‌పవర్ మోటారు నడిచేటప్పుడు కిలోవాటు దాకా లాగుతుంది, మొదలయ్యేటప్పుడు దానికి కొన్ని రెట్లు. తుపాను హెచ్చరిక వినగానే మేడమీది ట్యాంకు నింపుకోవటం ఎంతో నయం. ఫ్రిజ్ సంగతి కూడా ఇంతే. తలుపు తీయకుండా ఉంచితే నాలుగు గంటల దాకా చల్లదనం నిలుస్తుంది. ఇన్సులిన్ ఉంచుకునే ఇళ్ళలో మాత్రం ఫ్రిజ్‌ను లెక్కలో చేర్చుకోవాలి. రోజుకు సుమారు ఒక యూనిట్ దానికే కావాలి.

ఇంట్లో దాదీకో, అబ్బాజాన్‌కో ఉబ్బసం ఉంటే నెబులైజరు పది నిమిషాలే కాబట్టి పెద్ద భారం కాదు. కాని అయిదు లీటర్ల ఆక్సిజన్ కాన్సంట్రేటరు 350 వాట్ల దాకా తీసుకుంటుంది. మనం చెప్పుకున్న బ్యాటరీ దానికి రెండు గంటలే. అటువంటి ఇంట్లో బ్యాటరీ ఒక్కదాన్నే నమ్ముకోకూడదు. నిండిన సిలిండరు ఒకటి పక్కన ఉండి తీరాలి. తక్కిన లెక్కల్లో పొరపాటు జరిగితే చెమట పడుతుంది, ఈ లెక్కలో పొరపాటు జరిగితే ప్రాణం మీదికి వస్తుంది.

బ్యాటరీల్లో రెండు రకాలు చూస్తున్నాం. సీసపు బ్యాటరీ మొదట చవక, కాని డిస్టిల్డ్ వాటర్ పోస్తూ ఉండాలి, బరువు ఎక్కువ. ఛార్జి అయ్యేటప్పుడు హైడ్రోజన్ వాయువు వస్తుంది కాబట్టి గాలి ఆడే చోట పెట్టాలి. మంచం కింద, దీపం దగ్గర, వంటింట్లో పెట్టనే కూడదు. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ మొదట ఖరీదు, కాని ఎనభై శాతం దాకా వాడుకోవచ్చు, ఎక్కువ ఏళ్ళు మన్నుతుంది, నీళ్ళ బెడద లేదు. అయితే ఇన్వర్టరు దానికి సరిపడేదా అని అడిగి తెలుసుకున్నాకే కొనండి.

పలకల మాటకొస్తే, ఒక కిలోవాటుకు సుమారు వంద చదరపు అడుగుల నీడ పడని చోటు కావాలి. దక్షిణ ముఖంగా, కొంచెం వాలుగా బిగించాలి. మన ప్రాంతంలో మంచి ఎండరోజున కిలోవాటుకు నాలుగు యూనిట్ల దాకా వస్తుంది. మబ్బు పట్టిన రోజు అందులో సగం కూడా రాకపోవచ్చు. తుపాను మర్నాడు ఉండేది మబ్బే గదా! అందుకే పలకలను చూసుకుని బ్యాటరీని మరీ చిన్నది చేయకూడదు. కోస్తా వారు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. హుద్‌హుద్‌లో గాలి గంటకు 180 కిలోమీటర్ల దాకా వీచింది. ఫ్రేము స్లాబులోకి గట్టిగా దిగకపోతే, ఆ పలక మన మేడ మీద ఉండదు, పొరుగింటి మీద ఉంటుంది.

డబ్బు విషయం. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో కిలోవాటుకు 30,000 రూపాయలు, రెండింటికి 60,000, మూడు కిలోవాట్లు ఆపైన 78,000 రూపాయల సాయం నిర్ణయించారు. అది లైనుకు కలిపిన పలకలకే, బ్యాటరీకి విడిగా లేదు. దరఖాస్తు పెట్టే ముందు అప్పటి నిబంధనలు మళ్ళీ చూసుకోండి.

చివరిగా ఒక్క మాట. ఈ వారం ప్రతి ఇంట్లో ఆ చీటీ రాయండి. పిల్లల చేత రాయించండి, వాళ్ళకు లెక్కలూ వస్తాయి. అమ్మేవాడి దగ్గరికి చీటీతో వెళ్ళి, “కరెంటు పోతే ఇది నడుస్తుందా? ఈ సామానుతో ఎన్ని గంటలు? బ్యాటరీ గ్యారంటీ ఎన్నేళ్ళు? బాగుచేసే మనిషి ఎక్కడ దొరుకుతాడు?” అని నాలుగు ప్రశ్నలు అడగండి. జవాబులు కాగితం మీద రాయించుకోండి. అలాగే మన వీధిలో ఆక్సిజన్ మీద, ఇన్సులిన్ మీద ఉన్నవారి ఇళ్ళు ఏవో తెలుసుకుని ఉండండి. బ్యాటరీ కొనే స్తోమత అందరికీ ఉండదు. ఉన్నవారి ఇంటి నుంచి ఆ రాత్రి ఒక ఫోన్ ఛార్జింగు, ఒక మందుసీసాకు ఫ్రిజ్‌లో చోటు దొరికితే, అది కూడా ఏర్పాటే.