తల్లులు చెప్పని తిమ్మిరి
(మాతాపితరుల సభలో ప్రధానోపాధ్యాయుని ప్రసంగ పాఠము)



హాజరును గూర్చియు, పరీక్షలను గూర్చియు కార్యదర్శిగారు చెప్పియున్నారు. నేను వేరొక సంగతి మనవి చేసెదను. మన పిల్లల ఇండ్లలో రొమ్ము కాన్సరునకు చికిత్స పొందుచున్న తల్లులు, అమ్మమ్మలు కొందరు కలరు. హోసూరు నుండి వారు బెంగుళూరుకో చెన్నైకో పోవుచుందురు. డాక్టరుగారి యెదుట దుబాసీ పని తరచు వెంటబోయిన పిల్లవానిదే.

ఈ వ్యాధికి వాడు ముఖ్యమైన మందులలో పాక్లిటాక్సెల్ ఒకటి. 1962లో అమెరికాలో సేకరించిన పసిఫిక్ యూ అను చెట్టు బెరడు దీనికి మూలము. దీని నిర్మాణమును 1971లో లోకమునకు తెలిపినవారిలో మన దేశమున పుట్టిన మనసుఖ్ వాణి ఒకరు. కణము రెండుగా చీలుటకు లోపల సన్నని గొట్టముల వంటివి తోడ్పడును. ఈ మందు వానిని బిగించివేయగా కాన్సరు కణము చీలలేక నశించును. అయితే అట్టి గొట్టములే నరములలోను కలవు. వెన్ను దగ్గరనుండి కాలివ్రేలి వరకు నరమునకు కావలసిన సరకు ఆ దారినే పోవలెను. దారి చెడినచో చిట్టచివరి ఊరికే గదా మొదట కొరత! అందుచేత కాలివ్రేళ్లు, చేతివ్రేళ్ల కొనలు ముందుగా మొద్దుబారును. అదియు రెండువైపుల సమముగా, మేజోళ్లు తొడిగినంత మేర వ్యాపించును. మోతాదులు కూడినకొలది బాధయు కూడును. మధుమేహ మున్నవారికి భయము మరింత హెచ్చు.

డాక్టర్లు సెకనుకు 128 కంపనములు చేయు శ్రుతిదండమును పాదమున ఆనించి చూతురు. మడమ వెనుక చిన్న సుత్తితో తట్టుదురు. ఇవి అవసరమే. కాని మొదటి గురుతు తెలియునది రోగికే, ఆమె నోటనే అది వెలువడవలెను. మన చిక్కంతయు ఇక్కడనే యున్నది. తిమ్మిరి అని మనమందుము; తమిళుల వాడుకలో తిమిరన్నచో పొగరని యర్థము! వారికి మరత్తుప్పోవుట అని చెప్పవలెను, కన్నడమువారికి జోము అనవలెను. తెలుగులోనైనను తిమ్మిరి యనగానే కాలు మడిచి కూర్చున్నందువలన వచ్చినదని తోసివేయుదుము. అది కాలు చాచిన కొన్ని నిమిషములలో పోవును, ఇది పోదు. మందెక్కించిన రెండు మూడు దినములకు వచ్చి తగ్గిపోవు ఒళ్లునొప్పులు వేరు.

మాట తెలిసినను తల్లులు దాచుట కలదు. చెప్పినచో మందు తగ్గింతురని, తగ్గినచో వ్యాధి తిరుగబెట్టునని వారి భయము. ఆ భయమును నేను తేలికచేయను. కాని తగ్గించుటయా, కొన్నాళ్లు ఆపుటయా, మందు మార్చుటయా అనునది రెండు వైపులను తూచి డాక్టరు నిర్ణయింపవలసినది. దాచిన తల్లి తూకములో ఒక తట్టను దాచినట్లే. తల్లి తనంతట తాను మందు మానుటయు తగదు. ఈ నరముల బాధను రాకుండ ఆపు మందేదియు సిఫారసు చేయదగినంతగా రుజువు కాలేదని 2020లో అమెరికా కాన్సరు వైద్యుల సంఘము తెలిపినది. నొప్పికి డ్యులాక్సెటిన్ కొందరికి కొంత ఉపశమనమిచ్చును, అంతే. నరముల బలమునకని అంగడిలో మాత్రలు కొనువారొకటి వినవలెను: ఈ జాతి మందులు వాడుచున్న రొమ్ము కాన్సరు రోగులకు ఎసిటైల్ ఎల్ కార్నిటిన్ ఇచ్చి చూడగా 24 వారములకు బాధ హెచ్చినదని 2013లో ప్రకటించిరి.

ఇంట కనిపెట్టవలసినవి చిన్న సంగతులే. జాకెట్టు హుక్కు పెట్టుకొనుటకు ఆలస్యమగుచున్నదా? సూదిలో దారమెక్కుటలేదా? ముగ్గు గీత వంకరపోవుచున్నదా? చెప్పు జారినను తెలియక నడచుచున్నదా? వేడిగిన్నె పట్టుకొనియు చేయి వెంటనే తీయుటలేదా? ముగ్గు సంగతి మగవారికంటె ఆడపిల్లలు ముందు కనిపెట్టుదురు. ఇట్టివి కనబడిన తేదీ, ఏ వ్రేలు, ఎంత మేర, రాత్రి నిద్ర చెడినదా అనునవి ఒక నోటుపుస్తకములో పిల్లలచేత వ్రాయింపుడు. అది తెలుగుననే యుండనిండు. తమిళమో కన్నడమో వచ్చిన ఉపాధ్యాయులు మాలో కలరు, సాయంకాలము తెచ్చినచో ఆ భాషలో వ్రాసియిత్తుము. దానిని ఆ దినపు మందు ఎక్కించుటకు ముందే డాక్టరుగారి చేతికీయవలెను, ఎక్కించిన తరువాత కాదు.